పెట్టేముందు అడుగుదాం



క్రిస్మస్ దగ్గరికొచ్చేసింది. డాబాల మీద నక్షత్రాలు వెలిగాయి. రాత్రయితే క్యారల్స్ వాళ్ళు డప్పు, గిటారు పట్టుకుని వీధి వీధీ తిరుగుతున్నారు. ఇళ్ళలో అరిసెల పిండికి బియ్యం నానబోస్తున్నారు.

ఇదే సమయంలో ప్రతి సంఘంలోనూ ఒక మాట నడుస్తుంది. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో నిలబడి మాట్లాడుకుంటారు. ఈ పండక్కి ఏం చేద్దాం? ఆసుపత్రిలో పళ్ళు పంచుదామా? వృద్ధాశ్రమంలో భోజనం పెడదామా? దుప్పట్లు కొందామా? స్త్రీల సమాజం ఒకటి అంటుంది. యూత్ పిల్లలు ఇంకోటి అంటారు. సంఘ పెద్దలు ఖర్చు లెక్క వేస్తారు. చివరికి ఏదో ఒకటి ఖాయమవుతుంది.

మంచి మాటలే. చర్చి వాళ్ళు పండగ పూట ఊళ్ళో నలుగురికీ పెట్టడం నిన్నా మొన్నా వచ్చిన అలవాటు కాదు. కూలి చేసుకు బతికే కుటుంబాలే ఎక్కువగా ఉన్న చిన్న చిన్న సంఘాలు కూడా ఇంటికింతని వేసుకుని ఏదో ఒకటి చేస్తాయి. అది చూసినప్పుడల్లా నాకు ఎంతో గౌరవం కలుగుతుంది.

అయితే ఆ మాటల్లో ఒక మనిషి ఉండడు. ఎవరి కోసం ఇదంతా చేస్తున్నామో ఆ మనిషి. ఆసుపత్రి మంచం మీద ఉన్నాయన ఏమంటాడో మనకి తెలీదు. ఆశ్రమంలో ఉన్న పెద్దామె ఏమంటుందో తెలీదు. మనమే అనుకుంటాం. మనమే కొంటాం. మనమే పంచి వచ్చేస్తాం.

ఈ పూట నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే సంగతి. పెట్టేముందు అడగండి. ముందు అడగండి, తర్వాత కొనండి. వినడానికి చిన్న మాటే. చేసి చూస్తే పండగ సేవ తీరే మారిపోతుంది.

ఇది మనకి తెలియని పద్ధతేం కాదు. కడుపుతో ఉన్న కూతురు పుట్టింటికి వచ్చిందనుకోండి. తల్లి పొయ్యి దగ్గరికి వెళ్ళే ముందు ఏం చేస్తుంది? పక్కన కూర్చుంటుంది. "నోటికి ఏం తినాలనిపిస్తోందే?" అని అడుగుతుంది. వేవిళ్ళ పిల్లకి ఒకరోజు చింతకాయ పచ్చడి కావాలి. మర్నాడు ఆ వాసనే పడదు. తల్లికి ఏళ్ళ తరబడి వంట చేసిన చెయ్యి ఉంది. అయినా అడుగుతుంది. తినాల్సింది తాను కాదు గనక.

ఇప్పుడు ఆసుపత్రికి వద్దాం.

క్రిస్మస్ రోజు పెద్దాసుపత్రిలో ఓపీ ఉండదు. వార్డులు మాత్రం నిండే ఉంటాయి. పొద్దున పదింటికి ఒక సంఘం వాళ్ళు వస్తారు. బ్రెడ్డు, అరటిపళ్ళు. పదకొండింటికి ఇంకో సంఘం. మళ్ళీ బ్రెడ్డు, అరటిపళ్ళు. మధ్యాహ్నానికి ఒక్కో మంచం దగ్గర మూడు నాలుగు బ్రెడ్డు ప్యాకెట్లు పోగవుతాయి. సాయంత్రం ఆరు దాటాక మాత్రం ఎవరూ రారు.

ఆ పండు, ఆ బ్రెడ్డు అందరికీ పడవు కూడా. డయాలిసిస్ మీద ఉన్నవాళ్ళని అరటిపళ్ళు, కొబ్బరినీళ్ళు బాగా తగ్గించమంటారు డాక్టర్లు. వాటిలో పొటాషియం ఎక్కువ. పాడైన కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవు. అది రక్తంలో పెరిగితే గుండె కొట్టుకోవడంలోనే తేడా వస్తుంది. సుగర్ ఉన్నవాళ్ళకి కేకు ముక్క సంగతి వేరే చెప్పాలా? మర్నాడు ఆపరేషన్ ఉన్నవాళ్ళని ముందు రాత్రి నుంచే ఏమీ తినొద్దంటారు. మనం ప్రేమగా చేతిలో పెడతాం. వాళ్ళు మొహమాటానికి తినేస్తారు.

ఇవన్నీ వార్డు సిస్టర్‌కి తెలుసు. ఏ మంచానికి ఏం పెట్టొచ్చో రెండు నిమిషాల్లో చెప్పేస్తుంది. మనం అడగాలి. పళ్ళ బుట్టతో వెళ్ళి నిలబడినప్పుడు కాదు, పళ్ళు కొనక ముందే వెళ్ళి అడగాలి.

రోగి సంగతి ఇది. రోగి పక్కన ఇంకో మనిషి ఉంటారు. తల్లో, భార్యో, అత్తో. వాళ్ళని మనం చూడనే చూడం.

ఒకసారి క్రిస్మస్‌కి ముందు మా స్త్రీల సమాజం నుంచి ఇద్దరం ప్రసూతి వార్డుకి వెళ్ళాం. చేతిలో ఏమీ పట్టుకెళ్ళలేదు. ఊరికే మాట్లాడదామని వెళ్ళాం. వరండా పొడుగునా చాపలు, దుప్పటి మూటలు, స్టీలు క్యారేజీలు. కాన్పులకి వచ్చిన అమ్మాయిల తల్లులు, అత్తలు, అమ్మమ్మలు. ఒక పెద్దామె గోడకి ఆనుకుని కూర్చుంది. ఒళ్ళో ఎర్ర ఫ్లాస్కు. దాని మూత ఎప్పుడో పోయినట్టుంది. స్టీలు గ్లాసు బోర్లించి, పాత చీర పీలికతో కట్టుకుంది. మనవరాలికి ఆపరేషన్ చేసి బిడ్డని తీశారట. "ఇక్కడ దేనికి ఇబ్బందిగా ఉందమ్మా?" అని అడిగాం. ఆమె అన్నం అనలేదు. దుప్పటి అనలేదు. "వేన్నీళ్ళమ్మా" అంది.

"బాలింతకి చన్నీళ్ళు ఎట్టా ఇచ్చేది తల్లీ? గేటు బయట టీ కొట్టాయన ఫ్లాస్కు నింపి ఇస్తాడు. రాత్రి పదింటికి కట్టేస్తాడు. పండగ రోజు అసలు తియ్యనన్నాడు. నడిరాత్రి పిల్లకి దాహమేస్తే నేను ఎక్కడికి పోయేది?"

పక్కనున్న ఆడవాళ్ళు ఆ మాట అందుకున్నారు. పాలు కాచుకునే చోటు లేదంది ఒకామె. ఒళ్ళు కడుక్కుని మూడు రోజులైందంది ఇంకొకామె. స్నానాల గది ఉంది. కానీ కూతుర్ని, పసిబిడ్డని ఒక్క పావుగంట చూసే మనిషి లేరు. ఇద్దర్నీ వదిలి ఎలా వెళ్తుంది?

ఆ క్రిస్మస్‌కి మావాళ్ళు కేకుల ఆర్డరు తగ్గించారు. టీ కొట్లలో ఉండే పెద్ద బాయిలరు ఒకటి అద్దెకి తెచ్చారు. ఆసుపత్రి పెద్దల పర్మిషన్ తీసుకుని, ఆవరణలో వాళ్ళు చూపించిన చోట పెట్టారు. పొద్దుగూకినప్పటి నుంచి తెల్లారేదాకా ఇద్దరిద్దరు చొప్పున వంతులు. వేన్నీళ్ళు, కాచిన పాలు. ఫ్లాస్కు తెచ్చినవాళ్ళకి ఫ్లాస్కులో, చెంబు తెచ్చినవాళ్ళకి చెంబులో. ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు వార్డు బయట ఉన్నారు. సిస్టర్‌కి చెప్పి, తల్లులు స్నానానికి వెళ్ళొచ్చేదాకా బాలింతల దగ్గర కూర్చున్నారు. బిడ్డని ఎత్తుకోవడానికి ముందు చేతులు సబ్బుతో కడుక్కోమని సిస్టర్ గట్టిగా చెప్పింది. చెప్పినట్టే చేశారు.

డబ్బు పెద్దగా కాలేదు. గ్యాస్ బండ, పాలు, బాయిలరు అద్దె. కష్టమంతా మేలుకోవడంలోనే. డిసెంబరు చలిలో తెల్లవారుజాము వంతు ఎవరికి ఇష్టం? యూత్ కుర్రాళ్ళు తీసుకున్నారు.

ఒక్కమాట ఆలోచించండి. ఈ వేన్నీళ్ళ సంగతి చర్చి ఆవరణలో నిలబడి ఎంతసేపు మాట్లాడుకుంటే తట్టేది? తట్టదు. మనకి ఇంట్లో స్టవ్వు ఉంది. వేన్నీళ్ళు లేకపోవడం ఒక ఇబ్బంది అని మన ఊహకే రాదు. పక్కన కూర్చుని అడిగితే ఒక్క మాటలో తెలిసింది.

అందుకే అంటున్నాను. ముందు అడగండి, తర్వాత కొనండి.

అడగడంలో కూడా ఒక పద్ధతి ఉంది. దాని గురించి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే ఆగిపోతారు. "మేం అడిగామండీ, ఏమీ వద్దన్నారు" అంటారు. నిజమే. "మీకేం కావాలి?" అని ఎదురుగా నిలబడి అడిగితే మన తెలుగువాళ్ళు ఏమంటారు? "ఏం వద్దులేమ్మా, మీరొచ్చారు, అదే చాలు" అంటారు. ఆకలితో ఉన్నవాళ్ళు కూడా "ఇప్పుడే తిన్నాం" అంటారు. అది అభిమానం. దాన్ని తప్పు పట్టకూడదు. దాన్ని దాటించే ప్రశ్న మనమే వెయ్యాలి.

కావలసింది అడక్కండి. ఇబ్బంది అడగండి. "రాత్రిళ్ళు ఎలా గడుస్తోందమ్మా?" అనండి. "నిన్న మధ్యాహ్నం ఎక్కడ తిన్నారు?" అనండి. "ఇక్కడ ఏ పనికి ఎక్కువ తిరగాల్సి వస్తోంది?" అనండి. ఫలానాది కావాలని అడగడం వాళ్ళకి సిగ్గు. ఇబ్బంది చెప్పుకోవడం సిగ్గు కాదు. మీరు విని తలూపితే, మిగతాది వాళ్ళే చెప్తారు.

పదిమంది గుంపుగా వెళ్ళకండి. ఇద్దరు చాలు. ఒక పెద్దామె, ఒక చిన్న వయసు మనిషి అయితే మరీ మంచిది. చేతిలో సంచులు వద్దు. సంచి చూస్తే వాళ్ళ కళ్ళు సంచి మీదే ఉంటాయి, మాట బయటికి రాదు. నిలబడి మాట్లాడొద్దు. కూర్చోండి. చాప మీద చోటిస్తే చాప మీదే కూర్చోండి.

క్రైస్తవ శ్రోతలకి ఒక ఘట్టం గుర్తు చేస్తాను. యెరికో దారిలో చూపు లేని బర్తిమయి కేకలు పెడుతున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఊరుకోమన్నారు. యేసు ప్రభువు ఆగారు, అతన్ని పిలిపించారు. నేను నీకేం చెయ్యాలని కోరుతున్నావని అడిగారు. చూపు లేనివాడికి కావలసింది చూపే అని దారిన పోయేవాళ్ళందరికీ తెలుసు. ప్రభువుకి తెలియదా? అయినా అడిగారు. అంతవరకూ అందరూ నోరు మూసుకోమన్న మనిషికి, నోరు తెరిచి తన మాట తాను చెప్పుకునే గౌరవం ముందు దక్కింది. చూపు ఆ తర్వాత వచ్చింది.

అలాంటి గౌరవమే కరువు పనిలో దక్కిన కథ ఒకటి మా వైపు ఉంది. మా ఒంగోలు వైపు వాళ్ళకి జాన్ ఎవరెట్ క్లౌ పేరు తెలుసు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ. 1866లో ఒంగోలు వచ్చారు. పదేళ్ళకి, ధాత నామ సంవత్సరంలో, వానలు మొహం చాటేశాయి. 1876 నుంచి 1878 దాకా పట్టి పీడించిన ఆ కరువుని మన పెద్దలు ధాత కరువు అనేవారు. అప్పట్లో ప్రభుత్వం బకింగ్‌హామ్ కాలువ తవ్వకాన్ని కరువు పనిగా నడిపించింది. క్లౌ గారు అందులో కొన్ని మైళ్ళ ముక్కని తానే కాంట్రాక్టుకి తీసుకున్నారు. మిషనరీ కాంట్రాక్టరు అవడమేమిటి అనిపిస్తుంది. కానీ ఆయన అమెరికాలో భూముల సర్వే పని తెలిసిన మనిషి. కొలతలు వచ్చు. తన దగ్గర పనిచేసే బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టారు. పల్లెల్లో కసుర్లు తప్ప ఎరగని మాదిగ కుటుంబాలకి, అక్కడ మర్యాదగా పిలిచి పని చెప్పే మేస్త్రీ దొరికాడు. చేసిన పనికి కూలి దొరికింది. ఆ కరువులో ఆ జనానికి గంజితో పాటు కావలసింది అదే.

తెలంగాణలో మెదక్ చర్చి వెనక కూడా ఇలాంటి కథే ఉంది. చార్లెస్ వాకర్ పోస్నెట్ గారి ఆధ్వర్యంలో 1914లో మొదలైన ఆ కట్టడం కరువు రోజుల్లో ఎందరికో చేతికి పని, కడుపుకి అన్నం ఇచ్చింది. 1924 డిసెంబరు 25న, సరిగ్గా క్రిస్మస్ నాడు, ప్రతిష్ఠ జరిగింది.

క్లౌ గారి సంగతి ఇంకొకటి చెప్పాలి. కరువు పని నడిచినంత కాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశారు. తిండి కోసం చేరారన్న మాట ఎవరి మీదా పడకూడదని. ఒకే రోజు 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చిన పేరున్న ఘటన ఆ విరామం తర్వాతే, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర జరిగింది. ఈ విషయంలో ఆయన్ని చూసి మనం నేర్చుకోవాలి. అడగండి, అడగండి అని ఇందాకటి నుంచి చెప్తున్నాను గదా. ఒక్కటి మాత్రం అడగొద్దు. నీదే మతం అని అడగొద్దు. వేన్నీళ్ళ ఫ్లాస్కు పట్టుకొచ్చిన అమ్మమ్మ నుదుట బొట్టుందా, తల మీద ముసుగుందా, మెడలో సిలువుందా, మనకి అక్కర్లేదు. ప్రార్థన చెయ్యమని ఆమె నోరు తెరిచి అడిగితే చెయ్యండి. అడక్కపోతే నీళ్ళు పోసి పంపండి.

అలాగే ఫొటో. నైటీలో, చెదిరిన జుట్టుతో, మూత్రం సంచి పక్కన పెట్టుకుని పడుకున్న మనిషి ఫొటో దిగడానికి ఇష్టపడుతుందా? ఆమె చేతిలో పండు పెట్టి ఫొటో తియ్యడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది. ఫోన్లు జేబులోనే ఉండనివ్వండి.

వృద్ధాశ్రమాల గురించి కూడా చెప్పాలి. డిసెంబరు 25న అక్కడ భోజనం పెడతామని వచ్చేవాళ్ళకి కొదవ ఉండదు. ఒకే పూటకి ఇద్దరు ముగ్గురు బిర్యానీ తెస్తారు. ఎనభై ఏళ్ళ మనిషి ఎంత తింటుంది? 28వ తేదీన వెళ్ళి చూడండి. భోజనం తెచ్చేవాళ్ళు ఎవరూ ఉండరు. అక్కడా ముందు అడగండి. ఏ తేదీ ఖాళీగా ఉందో ఆశ్రమం వాళ్ళని అడగండి. తర్వాత ఆ పెద్దవాళ్ళ పక్కన కూర్చుని అడగండి. ఒకాయన కళ్ళజోడు పుల్ల ఊడి దారంతో కట్టుకుని ఉంటాడు. బజారుకి పట్టుకెళ్ళి స్క్రూ వేయిస్తే సాయంత్రానికి ఆయన పేపరు చదువుకుంటాడు. ఒకామె వంగలేదు. కాలిగోళ్ళు పెరిగి చర్మంలోకి దిగుతుంటాయి. గోరువెచ్చని నీళ్ళలో కాసేపు కాళ్ళు నాననిచ్చి, నెమ్మదిగా కత్తిరించాలి. సుగర్ ఉంటే మాత్రం మీరు కత్తిరించకండి, చిన్న గాయం కూడా పుండు కావచ్చు. నర్సుని పిలవండి. సంఘంలో నర్సు చెల్లెళ్ళు ఉండనే ఉంటారు.

నర్సులంటే గుర్తొచ్చింది. మన సంఘాల అమ్మాయిలు ఎంతోమంది క్రిస్మస్ రాత్రి డ్యూటీలోనే ఉంటారు. వేకువ ఆరాధన వాళ్ళకి దక్కదు. "సంక్రాంతికి నేను చేస్తాలే, క్రిస్మస్‌కి నువ్వెళ్ళు" అని డ్యూటీ మార్చుకునే స్నేహితురాళ్ళు ఉంటే అదృష్టం. లేనివాళ్ళని కూడా అడగండి. ఆ రాత్రి ఇంట్లో పిల్లల్ని ఎవరు చూస్తారో అడగండి. అది కూడా సేవే, మన గుమ్మం పక్కనే ఉన్న సేవ.

భాష తెలియని వాళ్ళ దగ్గర అడగడం ఎలా అంటారేమో. తెలంగాణలో ఇటుక బట్టీల దగ్గరికి ఒడిశా నుంచి, ముఖ్యంగా బలంగీర్ వైపు నుంచి, కుటుంబాలకి కుటుంబాలు వస్తాయి. పంట పనులు అయిపోయాక, క్రిస్మస్ నాటికి వాళ్ళు బట్టీల దగ్గర దిగి ఉంటారు. వాళ్ళ కోసం ఏదైనా చెయ్యాలనుకుంటే, ఒడియా వచ్చిన ఒక్క మనిషిని వెతుక్కోండి. ఇచ్ఛాపురం వైపు వాళ్ళు మీ ఊళ్ళో ఎవరో ఒకరు ఉంటారు. దుభాషీ లేకుండా వెళ్తే మిఠాయి పంచి వచ్చేస్తాం. ఉంటే, పిల్లాడికి వారం నుంచి జ్వరం అన్న మాట చెవిన పడుతుంది.

ఇది క్రైస్తవులకే చెప్తున్న మాట కాదు. సంక్రాంతికి దుప్పట్లు పంచేవాళ్ళున్నారు. రంజాన్‌లో ఇఫ్తార్ పెట్టేవాళ్ళున్నారు. దసరాకి అన్నదానం చేసేవాళ్ళున్నారు. అందరికీ ఇదే మాట. పెట్టేముందు అడగండి.

పండక్కి ఇంకా రోజులున్నాయి. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక, జాబితా రాసుకోక ముందే, ఇద్దర్ని ఎంచండి. ఆసుపత్రో, ఆశ్రమమో, బట్టీయో, ఒక్క చోటు చాలు. సాయంత్రం పూట వెళ్ళమనండి, అప్పుడు జనం తీరిగ్గా మాట్లాడతారు. వాళ్ళు విన్నది మళ్ళీ సంఘంలో చెప్పించండి. మన మాటల్లోకి మార్చకుండా, ఆ మనిషి అన్నది అన్నట్టే చెప్పించండి. అప్పుడు కానుకల పెట్టె తెరవండి. రాత్రి వంతులు వెయ్యాల్సి వస్తే, వయసు మళ్ళినవాళ్ళకి పొద్దుగూకే వేళ ఇవ్వండి. స్వెటరు, మఫ్లరు మర్చిపోవద్దని కుర్రాళ్ళకి చెప్పండి.